ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి: పాత రూపంలో వచ్చిన కొత్త పాయింట్ అండ్ క్లిక్ గేములు

పెద్ద పెద్ద పిక్సెళ్లు, వానకు తడిసిన వీధి, నియాన్ బోర్డులు, వాటి కింద కోటు వేసుకున్న డిటెక్టివ్. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పాయింట్ అండ్ క్లిక్ అని వెతికితే ఈ బొమ్మే పది రకాలుగా కనబడుతుంది. బొమ్మ బాగుందని కొంటే సగంసార్లు రెండో గంటలోనే పక్కన పడేస్తారు. ఈ గేముల్లో మన పని మూడు రకాలే: మనుషులతో మాట్లాడటం, వస్తువులు ఏరుకోవడం, వాటిని సరైన చోట వాడటం. మిగిలిన సమయమంతా ఏమీ తోచక నిలబడిపోవడమే. అలా నిలబడిపోయినప్పుడు గేమ్ మనతో ఎలా మసలుకుంటుందో చూసి కొనాలి. కింద చెప్పినవన్నీ ఆ లెక్కన ఏరినవే.

మంచి పజిల్ పొడుపు కథ లాంటిది. విప్పాక "ఓస్, ఇంతేనా, ఎదురుగానే ఉందే" అనిపించాలి. "ఇది ఎవడికి తోస్తుంది?" అనిపిస్తే తప్పు మీది కాదు, రాసినవాళ్లది. ఇరుక్కోవడంలోనూ తేడాలున్నాయి. ఏం చేయాలో తెలియకపోవడం ఒకటి. చేయాల్సింది తెలిసి కూడా దాన్ని గేమ్‌కు అర్థమయ్యేలా చెప్పలేకపోవడం ఇంకొకటి. నాలుగు పిక్సెళ్ల తాళం చెవి నేల రంగులో కలిసిపోయి కంటికి ఆనకపోవడం మూడోది. అన్నిటికన్నా ఘోరం, ఎప్పుడో మొదట్లో తీసుకోవాల్సిన వస్తువు వదిలేసి, ఇక ఎప్పటికీ ముందుకు పోలేమని తెలియకుండా తిరుగుతూ ఉండటం. 1980లలో సియెరా అనే కంపెనీ గేములు ఈ నాలుగో పనిని నిర్మొహమాటంగా చేసేవి. ఇప్పటి ఇండీ వాళ్లు, అంటే సొంతంగా గేములు చేసే చిన్న జట్లవాళ్లు, దాదాపు అందరూ దాన్ని వదిలేశారు. మూడోది మాత్రం ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది.

ఈ తరహా బొత్తిగా కొత్తయితే ది డార్క్‌సైడ్ డిటెక్టివ్‌తో మొదలుపెట్టండి. ఐర్లండ్‌కు చెందిన స్పూకీ డోర్‌వే 2017లో తెచ్చింది. ట్విన్ లేక్స్ అనే ఊళ్లో దయ్యాల కేసులు చూసే మెక్‌క్వీన్, అతని వెంట డూలీ అనే అమాయకపు పోలీసు. విడివిడి కేసులు, ఒక్కోటి సుమారు గంట. పాత్రలు తెర మీద నడవవు. క్లిక్ చేస్తే నేరుగా పక్క గదికి వెళ్లిపోతారు. చిన్న విషయంలా కనబడుతుంది గానీ ఇరుక్కున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఒక్కో కేసులో ఉండేది కొన్ని తెరలు, గుప్పెడు వస్తువులు. ఏమీ తోచకపోతే అన్నిటి మీదా అన్నీ ప్రయత్నించినా పది నిమిషాల్లో బయటపడొచ్చు. లోటల్లా ఒక్కటే: వాయిస్ లేదు, హాస్యమంతా ఇంగ్లిష్ మాటల విరుపుల మీదే నడుస్తుంది. అమెరికన్ సినిమాల పేర్లతో పరిచయం లేనివాళ్లకు మూడింట ఒక జోకు అందదు. పజిళ్లకు మాత్రం ఆ జోకులతో పనిలేదు. నచ్చితే 2021లో వచ్చిన రెండో భాగం, ఎ ఫంబుల్ ఇన్ ద డార్క్, సిద్ధంగా ఉంది.

ఒకే గేమ్ కొంటాననేవాళ్లకు నా ఓటు అన్‌అవౌడ్‌కే. న్యూయార్క్‌లో డేవ్ గిల్బర్ట్ నడిపే వాడ్జెట్ ఐ గేమ్స్ 2018లో విడుదల చేసింది. ఏడాదిపాటు మీ ఒంట్లో ఉన్న దయ్యాన్ని వదిలించే సీనుతో మొదలవుతుంది. మీరు ఆడా మగా, దయ్యం పట్టక ముందు పోలీసా, బార్‌టెండరా, నటులా అన్నది మీరే ఎంచుకుంటారు. ఎంచుకున్నదాన్ని బట్టి తొలి అధ్యాయమే వేరుగా ఉంటుంది. తర్వాత న్యూయార్క్‌లో ఒక్కో పేటకు ఒక్కో కేసు. జట్టులో మొత్తం నలుగురు పోగవుతారు: సగం జిన్ అయిన మందనా, నిప్పును ఆడించే ఈలై, మాజీ పోలీసు వికీ, ఆత్మతో మాట్లాడే లోగన్. కేసుకు ఇద్దరినే వెంట తీసుకెళ్లాలి.

ఈ గేమ్ గొప్పతనమంతా ఆ ఇద్దరిలోనే ఉంది. నలుగురిలో ఇద్దరంటే ఆరు జంటలు. ఏ జంటతో వెళ్లినా కేసు తేలాలి. అందుకని ఒకే అడ్డంకికి రకరకాల దారులు పెట్టారు. ఈలై ఉంటే కాలి బూడిదైన కాగితంలో ఏముందో చదువుతాడు. అతను లేకపోతే ఆ సంగతి మరో చోట, మరొకరి నోట తెలుస్తుంది. లోగన్ ఉంటే చచ్చినవాళ్లనే అడగొచ్చు. ఇలా రాయాలంటే ప్రతి పజిల్‌నూ చిన్న చుట్టుకొలతలో పెట్టక తప్పదు. కాబట్టి కావలసింది ఎప్పుడూ మూడు నాలుగు తెరల్లోపే దొరుకుతుంది. ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగే బాధ లేదు. ఇరుక్కుంటే వెంట ఉన్న ఇద్దరితోనూ మాట్లాడండి, తర్వాత వాళ్ల శక్తులు ఇక్కడ దేనికి పనికొస్తాయో ఆలోచించండి. నూటికి తొంభైసార్లు జవాబు అక్కడే ఉంటుంది. మీరు ఊరికే నిలబడితే వాళ్లిద్దరూ తమలో తాము కబుర్లు మొదలుపెడతారు. వాటిని మధ్యలో తుంచకండి, పాత్రలు నిలబడింది ఆ మాటల మీదే. ఎనిమిది తొమ్మిది గంటల ఆట. కఠినమైన పజిళ్లు కావాలనుకునేవాళ్లకు ఇది నీళ్ల మజ్జిగలా అనిపిస్తుంది, అది నిజం.

అలాంటివాళ్లకు థింబుల్‌వీడ్ పార్క్. 1987లో మేనియాక్ మాన్షన్ అనే గేమ్ చేసిన రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ మళ్లీ కలిసి జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్ కిక్‌స్టార్టర్‌లో 6 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి 2017లో తెచ్చిన గేమ్. కథ కూడా 1987లోనే. తెర కింద తొమ్మిది క్రియలు వరుసగా ఉంటాయి: తెరువు, మూయి, ఇవ్వు, తీసుకో, చూడు, మాట్లాడు, తొయ్యి, లాగు, వాడు. ప్రతిసారీ క్రియ నొక్కి వస్తువు నొక్కనక్కర్లేదు. రైట్ క్లిక్ చేస్తే ఆ వస్తువుకు సహజంగా పొసిగే పని జరిగిపోతుంది. మొదటి అరగంటలో ఈ సంగతి పట్టుకోనివాళ్లే "ఇంటర్‌ఫేస్ విసుగు" అని రివ్యూలు రాస్తుంటారు.

ఆడించాల్సింది ఐదుగుర్ని: రే, రేయెస్ అనే ఇద్దరు ఏజెంట్లు, శాపం తగిలి ముఖం రంగు పోని జోకరు, గేములు తయారుచేయాలనుకునే డెలోరెస్, ఆమె తండ్రి ఫ్రాంక్లిన్ (చనిపోయాడు, అయినా ఆడించొచ్చు). తిప్పలు వచ్చేది ఇక్కడే. ఎవరి సంచి వారిదే. కావలసిన వస్తువు ఒకరి దగ్గర, వాడాల్సిన చోటు ఇంకొకరి ముందు. ఇద్దరినీ ఒకే తెర మీదికి తెచ్చి ఇవ్వు నొక్కితేనే చేతులు మారుతుంది. పిల్లాడిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రే సంచిలో ఉన్నదాని కోసం రేయెస్‌తో గంటసేపు తిరుగుతారు. ప్రతివాళ్ల దగ్గరా చేయాల్సిన పనుల చిట్టా ఉన్న నోట్‌బుక్ ఉంటుంది. దారి తప్పితే ముందు ఐదు నోట్‌బుక్కులూ తెరిచి చదవండి. అప్పటికీ తోచకపోతే గేములోని ఫోన్ ఎత్తి 4468 కొట్టండి, హింట్ లైన్ వస్తుంది. ముందు చిన్న సూచన, ఇంకా అడిగితే ఇంకాస్త పెద్దది, చివరకు జవాబే. ఇరుక్కున్న ఆటగాడిని పరువు తీయకుండా పైకి లాగే పద్ధతుల్లో ఇంతకన్నా మెరుగైనది లేదు.

మొదట్లోనే క్యాజువలా హార్డా అని అడుగుతుంది. క్యాజువల్‌లో పజిళ్లు బాగా తగ్గిపోతాయి, పేజీలు చింపేసిన డిటెక్టివ్ నవలలా ఉంటుంది. హింట్ లైన్ ఎలాగూ ఉంది కాబట్టి హార్డే తీసుకోండి. తెరల మీద అక్కడక్కడా దుమ్ము రేణువులు కనబడతాయి, ఏరుకోవచ్చు. పిక్సెల్ వేట మీద వెటకారం అది. కథకు అవసరమేమోనని వాటి కోసం కళ్లు పొడుచుకోకండి. ముగింపు మీద మాత్రం జనం రెండుగా చీలిపోయారు. కథను కథగా నమ్మి ఆడేవాళ్లకు చివరి గంట ఉసూరుమనిపించవచ్చు. ఫోన్లలోనూ ఉంది గానీ తొమ్మిది క్రియలూ, సంచీ చిన్న తెరలో ఇరుకిరుగ్గా ఉంటాయి. ట్యాబ్లెట్ అయితే హాయి.

కాథీ రెయిన్ ఈ రెండింటి మధ్యా నిలుస్తుంది. స్వీడన్‌కు చెందిన క్లిఫ్‌టాప్ గేమ్స్ 2016లో చేసింది. 2021లో డైరెక్టర్స్ కట్ వచ్చింది, కొంటే అదే కొనండి, వెడల్పు తెరకు సరిపోయేలా మార్చారు. 1995లో తాత అంత్యక్రియలకు సొంతూరు వచ్చిన జర్నలిజం విద్యార్థిని, మోటార్ సైకిల్, ఊరు దాచిపెట్టిన పాత సంగతి. దీన్ని ఆడే కిటుకంతా నోట్‌ప్యాడ్‌లో ఉంది. సంగతులు దొరికే కొద్దీ అందులో అంశాలు చేరతాయి. కొత్త అంశం పడ్డప్పుడల్లా బండెక్కి అందరి దగ్గరికీ మళ్లీ వెళ్లి దాని గురించి అడగాలి. వస్తువుల కోసం గోడలు తడుముతూ కూర్చునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. రికార్డు చేసిన మాటలను ముక్కలు చేసి కొత్త వాక్యం అతికించే పజిల్ ఒకటుంది, చెవి పెట్టి వినాలి, హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిది. ఆత్మహత్య, పిల్లలపై అకృత్యాలు కథలో భాగం. పదమూడేళ్ల పిల్లల చేతికి ఇచ్చే గేమ్ కాదు.

వాడ్జెట్ ఐ పేరుతో వచ్చిన పాత గేములు స్టీమ్ సేల్‌లో బాగా తగ్గుతాయి. వాటిలో మూడు వదులుకోవద్దు. ప్రైమోర్డియా (2012) మనుషులు లేని లోకంలో ఇద్దరు రోబోల కథ. వెంట తేలుతూ వచ్చే క్రిస్పిన్‌ను అడిగితే విసుర్లతో కలిపి సూచన ఇస్తాడు. చేయి అందని చోటికి వాణ్ని పంపాలన్న సంగతి మరిచిపోయే చాలామంది ఆగిపోతారు. టెక్నోబాబిలాన్ (2015) 2087 నాటి నగరంలో నడుస్తుంది. గది దాటి బయటకు రాలేని కథానాయిక పేరు లత, లతా సెసమీ. తెలుగువాళ్లకు ఆ పేరు చూడగానే ఒక నవ్వు ఖాయం. తలుపు తెరుచుకోని గదిలోంచి బయటపడటమే తొలి పజిల్. ఆమె నెట్ లోకంలోకి వెళ్లి గదిలోని యంత్రాలతోనే మాట్లాడి పని జరిపించుకోవాలి. ఈ ఒక్క గదిలో గేమ్ తన నియమాలన్నీ నేర్పేస్తుంది. పాఠం అనిపించకుండా పాఠం చెప్పడమంటే ఇదీ. రెజొనెన్స్ (2012) పద్ధతి వేరు. తెర మీద కనబడిన ఏ వస్తువునైనా లాగి జ్ఞాపకాల గడిలో పెట్టి, మాట్లాడేటప్పుడు దాని గురించి అడగొచ్చు. తాళం వేసిన తలుపును గడిలో పెట్టి కాపలావాణ్ని "దీని సంగతేంటి?" అని అడగాలని తోచనివాళ్లు ముందుకు కదలరు. గడులు పరిమితం, నిండితే పాతది తీసి కొత్తది పెట్టుకోవాలి. చచ్చిపోయినా గేమ్ తనంతట తానే కాస్త వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడుతుంది.

ఐదు భాగాల బ్లాక్‌వెల్ సిరీస్ 2006 నుంచి 2014 వరకు వచ్చింది. మొదటి భాగం బొమ్మలు, శబ్దం అన్నిట్లోనూ నాసిరకం. అయినా రెండు మూడు గంటలే కాబట్టి ఓర్చుకుని వరుసగా ఆడండి. ఐదో భాగం ముగింపు బరువు ముందువి ఆడితేనే తెలుస్తుంది.

ది ఎక్స్‌కవేషన్ ఆఫ్ హాబ్స్ బారో (2022) గురించి ఒక హెచ్చరిక. విక్టోరియా కాలపు ఇంగ్లండ్, బ్యూలే అనే పల్లె, పాత సమాధి దిబ్బలు తవ్వే థొమసీనా. భయం మెల్లగా, చలి ఎక్కినట్టు ఎక్కుతుంది. పజిళ్లు కష్టమైనవి కావు, కష్టమల్లా ఊళ్లోవాళ్ల యాసే. కోస్తా నుంచి వచ్చినవారు తొలిసారి పాలమూరు సంతలో నిలబడ్డట్టు ఉంటుంది. సబ్‌టైటిల్స్ కూడా ఆ యాసలోనే వస్తాయి. నౌట్ అంటే ఏమీ లేదు, ఔట్ అంటే ఏదైనా, సమ్మట్ అంటే ఏదో ఒకటి. ఈ మూడూ గుర్తుంటే చాలావరకు గట్టెక్కుతారు. డైలాగ్ తనంతట తాను దాటిపోకుండా, క్లిక్ చేస్తేనే కదిలేలా సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. ఈ మాట ఇక్కడ చెప్పిన అన్ని గేములకూ వర్తిస్తుంది. వీటిలో వేటికీ తెలుగు సబ్‌టైటిల్స్ లేవు.

ఇంగ్లిష్ టైపింగ్ మీద నమ్మకం ఉన్నవాళ్లకు ది క్రిమ్‌సన్ డైమండ్. జూలియా మినామాటా ఒక్కరే ఏళ్ల తరబడి చేసి 2024లో విడుదల చేశారు. పాత కంప్యూటర్ల ఈజీఏ పద్ధతిలో 16 రంగుల బొమ్మలు, 1914 నాటి కెనడా, చేప కడుపులో దొరికిన వజ్రం. మౌస్‌తో నడిపించొచ్చు గానీ చేసే పని మాత్రం టైపు చేయాలి. ఇక్కడ ఇరుక్కోవడం రెండో రకం, చేయాల్సింది తెలిసి చెప్పలేకపోవడం. అందుకని వాక్యం రాయకండి. ఒక క్రియ, ఒక వస్తువు, అంతే. బల్ల మీద ఏముందో చూస్తే సరిపోదు, బల్ల కింద చూడు, సొరుగులో చూడు అని విడిగా అడగాలి. ఆధారాలు కొన్ని తప్పిపోయినా గేమ్ ఆగదు, చివర్లో మీ దర్యాప్తు ఎంత బలహీనమో తేలుతుంది. రెండోసారి ఆడితే ఇంకో సగం కనబడుతుంది.

ల్యాంప్‌లైట్ సిటీ (2018) ఈ ఇరుక్కోవడాన్నే కథలో కలిపేసుకుంది. ఐదు కేసులు, వస్తువుల సంచి అసలు లేదు. సాక్షితో దురుసుగా మాట్లాడితే తలుపు మూసుకుపోతుంది, ఇక తెరుచుకోదు. కేసు తేలలేదని ఒప్పుకుని ముందుకు పోవచ్చు, తప్పు మనిషిని పట్టించినా కథ సాగుతుంది, ఆ పర్యవసానాలతోనే. పాత సేవ్ తెరిచి దిద్దుకునే అలవాటును ఇక్కడ మానుకుంటే ఆట రుచి తెలుస్తుంది. నార్కో (2022) లూసియానా చమురు శుద్ధి కర్మాగారాల నీడలో సాగే కథ. రాత అద్భుతం, పజిళ్లు పేరుకే. చదవడం ఇష్టమైతేనే తీసుకోండి.

ఇక తెర మీద బొమ్మ సంగతి. వీటిలో చాలావరకు అడ్వెంచర్ గేమ్ స్టూడియో, అంటే ఏజీఎస్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద చేసినవి. గేమ్ ఫోల్డర్‌లో విన్‌సెటప్ అనే ఫైల్ ఉంటుంది, ముందు దాన్ని తెరవండి. 320×200 బొమ్మను 1366×768 ల్యాప్‌టాప్ తెర నిండా సాగదీస్తే నిలువున 3.84 రెట్లు అవుతుంది. కొన్ని పిక్సెళ్లు మూడు గీతలు, కొన్ని నాలుగు గీతలు ఆక్రమిస్తాయి. పాత్ర నడుస్తుంటే ముఖం వణుకుతున్నట్టు కనబడేది అందుకే. పూర్ణాంకం రెట్లే ఉండే సెట్టింగ్ ఎంచుకోండి: అదే తెర మీద మూడు రెట్లు, 960×600, చుట్టూ నల్లంచు. 1920×1080 తెరకు ఐదు రెట్లు, 1600×1000. అన్‌అవౌడ్ 640×360 కాబట్టి ఫుల్ హెచ్‌డీ తెరకు సరిగ్గా మూడు రెట్లు, అంచే ఉండదు. ఫిల్టర్ దగ్గర నియరెస్ట్ నైబర్ ఉంచండి, లీనియర్ పెడితే బొమ్మంతా అలుక్కుపోతుంది. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే విండోలోకి మారుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ కూడా ఏజీఎస్ గేములకు ధారాళంగా చాలు.

సేవ్‌ల దగ్గర రెండు ఉచ్చులున్నాయి. వేరే గేముల అలవాటుతో ఎఫ్9 నొక్కితే పాత సేవ్ తెరుచుకుంటుందనుకుంటాం. ఏజీఎస్ మామూలు టెంప్లేట్‌లో ఎఫ్5 సేవ్, ఎఫ్7 తిరిగి తెరవడం, ఎఫ్9 మొదటి నుంచి ఆట మొదలుపెట్టడం. అన్ని గేముల్లో ఇలాగే ఉండకపోవచ్చు, ఒకసారి చూసుకున్నాకే వేలు పెట్టండి. రెండోది, గేమ్‌కు అప్‌డేట్ వచ్చాక పాత సేవ్‌లు తెరుచుకోకపోయే ప్రమాదం. ఆట సగంలో ఉండగా స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి, ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేలా మార్చుకుంటే కనీసం మీకు తెలియకుండా జరగదు. సేవ్ ఫైళ్లు సాధారణంగా విండోస్ యూజర్ ఫోల్డర్‌లో సేవ్డ్ గేమ్స్ కింద ఉంటాయి, కాపీ తీసిపెట్టుకోవడం తేలిక.

డబ్బు పెట్టే ముందు ఈ తరహా మీకు పడుతుందో లేదో చూసుకోవడానికి ఉచితంగా దొరికేవి ఉన్నాయి. థింబుల్‌వీడ్ పాత్రతో చేసిన డెలోరెస్ అనే చిన్న గేమ్ (2020) ఉచితం. హీరోయిన్స్ క్వెస్ట్ (2013) పెద్దది, యుద్ధాలు కూడా కలిసినది, అదీ ఉచితమే. కొన్నదాని విషయానికొస్తే, స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి కొన్న రోజే ఓ గంట కూర్చోండి. ఆ గంటలో ఒక్కసారైనా ఇరుక్కుంటారు, ఇరుక్కోవాలి కూడా. ఇరుక్కున్నాక యూట్యూబ్‌లో పూర్తి పరిష్కారం తెరవకండి, ఒక జవాబు కోసం వెళితే పక్కనున్న నాలుగూ కంట పడతాయి. యూనివర్సల్ హింట్ సిస్టమ్ అనే పాత సైట్‌లో ఒక్కో ప్రశ్నకు ఒక్కో సూచన చొప్పున తెరుచుకుంటాయి. మొదటి రెండు సూచనలు చదివి ఆపి, మళ్లీ గేములోకి వెళ్లండి. మూడోది అక్కర్లేకుండా దారి దొరికితే ఆ గేమ్ ఉంచుకోవచ్చు. సూచనలన్నీ అయిపోయి జవాబు చదివాక కూడా "ఇది ఎవడికి తోస్తుంది?" అనిపిస్తే, గడియారం రెండు గంటలు దాటకముందే రిఫండ్ నొక్కండి.